రోజుల లెక్క

ఈ శీర్షికలో ఇంతవరకు భవిష్యనిధి, గ్రాట్యుటీ, గృహ ఋణం, వైద్య సదుపాయం వంటి విషయాలను ముచ్చటించుకొన్నాము. ఈ మారు పౌరసత్వం గురించి వ్రాయదలచినాము. కర్మాగారపు పత్రికలో పౌరసత్వం ఊసెందుకని కొందరికి సందేహం కలుగవచ్చును. సాయంకాలం మన కాలనీలో నడకకు బయలుదేరి, పార్కులోని ఏ సిమెంటు బల్ల మీదనైనా పది నిమిషాలు కూర్చొని చూడండి. అమెరికాలోని కొడుకు గ్రీన్ కార్డు, ఆస్ట్రేలియాలోని కూతురి నివాస అనుమతి, కెనడాలోని అల్లుడి ప్రమాణ స్వీకారం, వీటి ప్రస్తావన లేకుండా మాటలు ముగియవు. ఈ చట్టాలు మన ఇళ్ళలోకి వచ్చి చాలా కాలమైనది. వాటిని గూర్చి మనకు తెలిసినది మాత్రం తక్కువ. అందులో మేమూ మినహాయింపు కాదని ఈ వ్యాసంలోనే ఒప్పుకొనబోతున్నాము.

ముందు మూలసూత్రం. మన రాజ్యాంగం రెండవ భాగంలో 5 నుండి 11 వరకు గల అధికరణాలు పౌరసత్వానికి సంబంధించినవి. 1950 జనవరి 26 వరకు ఆగకుండా, 1949 నవంబరు 26ననే అమలులోకి వచ్చిన కొద్ది అధికరణాలలో ఇందులోని 5 నుండి 9 వరకు గలవి ఉన్నవి. దేశవిభజన తరువాత ఎవరు మనవారు అన్న ప్రశ్నకు వెంటనే సమాధానం కావలసి వచ్చినది మరి. ఆపై 1955లో పౌరసత్వ చట్టం వచ్చినది. జననం, వంశక్రమం, నమోదు, సహజీకరణ, భూభాగ విలీనం అని ఈ చట్టం అయిదు మార్గాలు చూపినది. చేజారుటకు చూపిన మార్గాలు మూడు: స్వయంగా వదులుకొనుట, వేరొక దేశపు పౌరసత్వం స్వచ్ఛందంగా పొందుట, ప్రభుత్వం రద్దు చేయుట. రెండవ మార్గంలో ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. పరాయి దేశపు పౌరుడైన క్షణముననే భారత పౌరసత్వం ముగిసిపోవును. ఆ తరువాత పాత పాస్‌పోర్టును దగ్గర ఉంచుకొని ప్రయాణం చేయుట 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం నేరము. దానిని అప్పగించి, అప్పగించినట్లు ధ్రువపత్రం పొందవలెను.

ఇక మా ఇంటి సంగతి. మా తమ్ముడు 1999లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంపై అమెరికా వెళ్ళినాడు. 2010లో గ్రీన్ కార్డు వచ్చినది. అక్కడి చట్టం ప్రకారం గ్రీన్ కార్డు పొందిన అయిదేండ్లకు సహజీకరణకు దరఖాస్తు చేయవచ్చును. ఆ అయిదేండ్లలో సగం కాలం, అనగా 30 నెలలు, ఆ గడ్డ మీద ఉండి తీరవలెను. ఆ లెక్కన 2015లోనే అతడు అర్హుడు. అయినను పదేండ్లు వాయిదా వేసినాడు. కారణం మా నాన్నగారు.

నాన్నగారు ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. ఇప్పుడు ఎనభై రెండేండ్లు. 1967 నుండి నేటివరకు ఏ ఎన్నికలోను ఓటు వేయకుండా ఉండలేదు. విదేశాలలో ఉన్న భారత పౌరులు కూడ స్వస్థలపు ఓటర్ల జాబితాలో చేరవచ్చునని 2010లో చట్ట సవరణ జరిగినపుడు, అందుకు కావలసిన 6ఎ ఫారమును తానే తెప్పించి తమ్మునికి పంపినారు. 2019లో సెలవుపై వచ్చిన తమ్ముడు పాస్‌పోర్టు చూపి, నాన్నగారి వెనుక వరుసలో నిలబడి ఓటు వేసినాడు. ఆ రోజున వారి ముఖంలో కనిపించిన తృప్తి మాకు బాగా గుర్తున్నది.

నాన్నగారికి మరొక భయం కూడ ఉండెడిది. ఊరిలో నాలుగెకరాల మాగాణి ఉన్నది. "వాడు పరదేశి అయితే ఈ పొలం వాడికి దక్కదట గదా!" అనెడివారు. కాలనీలోని మిత్రులు కూడ అట్లే చెప్పెడివారు. మేమూ అట్లే నమ్మినాము. సందేహనివృత్తికై నియమాలు తెరచి చూచినపుడు తెలిసినది వేరు. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం కింది నియమాల ప్రకారం, విదేశంలో నివసించు భారత పౌరుడైనా, విదేశీ పౌరసత్వం తీసుకొన్న ఓసీఐ కార్డుదారుడైనా ఇక్కడ వ్యవసాయ భూమి కొనరాదు, దానంగా పుచ్చుకొనరాదు. ఇద్దరూ దానిని వారసత్వంగా పొందవచ్చును. అమ్మదలచినచో దేశంలో నివసించు భారత పౌరునికే అమ్మవలెను. అనగా పొలం విషయంలో గీత పడినది పాస్‌పోర్టు మారిన రోజున కాదు. తమ్ముడు విదేశ నివాసి అయిన రోజుననే పడినది. లేని భయంతో పదేండ్లు గడచిపోయినవి. నాన్నగారి మనసులో ఉన్నది దానపత్రం. దాని స్థానంలో వీలునామా వ్రాయుటతో ఆ చిక్కు తీరినది.

అసలు చిక్కు 2024లో వచ్చినది. నాన్నగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగినది. శస్త్రచికిత్స జరిగినది. తమ్ముడు పరుగున వచ్చి దగ్గరుండి సేవ చేసినాడు. వారు చేతికర్ర పట్టుకొని వరండాలో నాలుగడుగులు వేయు సమయానికి అయిదు నెలలు కావచ్చినవి. అప్పుడు తమ్ముడు పెట్టె సర్దుకొనవలసి వచ్చినది. గ్రీన్ కార్డు గలవాడు ఆరు నెలలకు మించి బయట ఉన్నచో నివాసపు కొనసాగింపు తెగినట్లు అధికారులు భావింతురు. కాదని నిరూపించు భారం అతనిదే. సంవత్సరం దాటినచో తెగినట్లే. ముందుగా అనుమతి పత్రం తీసుకొనకుండా అంతకాలం ఉన్నచో కార్డుకే మోసం రావచ్చును. తుంటి విరిగిన నాడు ఎవరు ముందుగా అనుమతి తీసుకొందురు? వెళ్ళు ముందు రాత్రి తమ్ముడు మాతో అన్న మాట: "అన్నయ్యా, చూచినావా ఈ విడ్డూరం! నేను పూర్తిగా అమెరికా వాడినైతేనే మన ఇంటిలో నాన్నగారి దగ్గర ఎన్నాళ్ళయినా ఉండగలను. సగం ఇక్కడివాడిగా ఉన్నంతకాలం ఉండలేను."

అతడు చెప్పినది నిజము. అమెరికా పౌరునికి ఆరు నెలల గడువు లేదు. విదేశీ పౌరసత్వం పొందిన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చు ఓసీఐ కార్డు జీవితాంతం చెల్లు వీసా వంటిది. ఎన్నిసార్లయినా రావచ్చును, ఎంతకాలమైనా ఉండవచ్చును. పోలీసు నమోదు అక్కరలేదు. ఈ పథకం 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలో ఆరంభమైనది. అయితే పేరులో పౌరసత్వం అన్న మాట ఉన్నంత మాత్రాన ఇది ద్వంద్వ పౌరసత్వం కాదు. ఓసీఐ కార్డుదారునికి ఓటు లేదు. చట్టసభలకు పోటీ చేయరాదు. ప్రభుత్వోద్యోగంలో పౌరునితో సమానమైన హక్కు లేదు. పరిశోధన, పాత్రికేయ వృత్తి, మతప్రచారం వంటి పనులకు 2021 ప్రకటన ప్రకారం ప్రత్యేక అనుమతి తీసుకొనవలెను.

తమ్ముడు 2025 ఆరంభంలో దరఖాస్తు చేసినాడు. అప్పటి పద్ధతిలో అమెరికా చరిత్ర, పాలనలపై 100 ప్రశ్నల జాబితా నుండి 10 అడిగెడివారు, 6 సరిగా చెప్పినచో చాలును. 2025 అక్టోబరు 20 నుండి దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల జాబితా నుండి 20 అడుగుదురు, 12 సరిగా చెప్పవలెను. మన పిల్లలకు ఇది కష్టం కాదు. కష్టమంతా గ్రీన్ కార్డు రాక ముందే. ఉద్యోగ ప్రాతిపదికన ఏటా ఇచ్చు 1,40,000 వీసాలలో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించరాదన్న నియమం వలన భారతీయుల వరుస అంతులేనిదైనది. నేడు వెళ్ళుచున్న పిల్లలు ఈ సంగతి ఎరిగి వెళ్ళుట మంచిది.

ఈ తలుపు మనకు ఎల్లప్పుడు తెరచి లేదని కూడ గుర్తు చేయదలచినాము. భారతీయులు శ్వేతజాతీయుల కిందికి రారు గనుక సహజీకరణకు అనర్హులని 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అంతకు ముందే పౌరసత్వం పొందిన కొందరి నుండి దానిని వెనుకకు తీసుకొన్నారు. ఆ కాలముననే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు వైద్యశాస్త్ర పరిశోధనకై బోస్టన్ చేరినారు. భారతీయులకు సహజీకరణ హక్కు తిరిగి వచ్చినది 1946లో, లూస్–సెల్లర్ చట్టంతో. దానితో పాటు వలస అనుమతి ఇచ్చినది ఏటా 100 మందికి మాత్రమే. సుబ్బారావు గారు 1948లో కన్నుమూసినారు. వారి పనిదినాలలో దాదాపు అన్నియు ఆ దేశపు పౌరుడు కాగల అవకాశమే లేని రోజులన్నమాట.

ఇక వ్యతిరేక దిశలో చూతము. మన దేశానికి వచ్చి మనవారు కాదలచినవారి సంగతి ఏమి? సహజీకరణ నిబంధనలు 1955 చట్టపు మూడవ షెడ్యూలులో ఉన్నవి. దరఖాస్తుకు ముందు 12 నెలలు ఎడతెగకుండా మన దేశంలో నివసించి ఉండవలెను. దానికి ముందరి 14 ఏండ్లలో మొత్తం మీద 11 ఏండ్లు నివసించి ఉండవలెను. మంచి నడవడి కలిగి ఉండవలెను. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో ఏదో ఒకటి చక్కగా తెలిసి ఉండవలెను. హిందీయే కానక్కరలేదు, తెలుగు వచ్చినను చాలును. పాత పౌరసత్వాన్ని వదులుకొనుటకు అంగీకరింపవలెను. శాస్త్రం, తత్త్వం, కళ, సాహిత్యం, ప్రపంచ శాంతి, మానవ ప్రగతి రంగాలలో విశిష్ట సేవ చేసినవారికి ఈ నిబంధనలను సడలించు అధికారం కేంద్ర ప్రభుత్వానికి కలదు. ఆఫ్ఘనిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ల నుండి 2014 డిసెంబరు 31 లోగా వచ్చిన ఆరు మతాల వారికి 11 ఏండ్ల గడువును 2019 సవరణ 5 ఏండ్లకు తగ్గించినది. దాని నియమాలు 2024 మార్చిలో వెలువడినవి. విదేశీయుల రాకపోకలను నియంత్రించుచు వచ్చిన 1920, 1939, 1946 నాటి చట్టాల స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుండి వలసలు, విదేశీయుల చట్టం అమలులోనికి వచ్చినది. పాత పుస్తకాలు చూచి సలహా చెప్పువారు ఈ మార్పును గమనింపవలెను.

ఈ రెండు దిశల రాకపోకలకు ఒకే సంస్థ సాక్షిగా నిలిచిన ఉదంతం ఒకటి ఉన్నది. ఆక్స్‌ఫర్డులో పుట్టిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చి, 1961లో భారత పౌరుడై, 1964లో భువనేశ్వరంలో కన్నుమూసినారు. అదే సంస్థలో దశాబ్దాలు పనిచేసిన తెలుగుబిడ్డ, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు గారు పదవీ విరమణ అనంతరం అమెరికా వెళ్ళి 1995లో అక్కడి పౌరులైనారు. ఆ తరువాత ఆరేండ్లకు, 2001లో, మన ప్రభుత్వమే వారిని పద్మవిభూషణ్‌తో గౌరవించినది. పౌరసత్వం మారినంత మాత్రాన ఎవరు ఎవరికి ఏమి కారో ఈ ఇద్దరి జీవితాలు చెప్పును.

ఇప్పుడు మా తప్పు. మా పొరుగింటి సహోద్యోగి కోడలు మారిషస్ అమ్మాయి. పందొమ్మిదవ శతాబ్దంలో మన తీరం నుండి చెరకు తోటల కూలికై ఓడలెక్కిన తెలుగువారి సంతతి. ఆ దీవిలో ఉగాది నేటికీ ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగినవి. ఈమె తెలుగులో కొద్దిగా ఫ్రెంచి యాస వినిపించును గాని ఒక్క పొల్లు మాట ఉండదు. 2016 ఆరంభంలో కాపురానికి వచ్చినది. ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెప్పుచున్నది. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయిని కావలెనని కోరిక. అందుకు పౌరసత్వం కావలెను. భారత పౌరుని భార్యకు సహజీకరణ కాక, అయిదవ సెక్షను కింద నమోదు మార్గం ఉన్నది. దానికి ఏడేండ్ల నివాసం చాలును.

2023 డిసెంబరులో ఆమె మా వద్దకు వచ్చి, "మామయ్యగారూ, మీరు లెక్కలలో దిట్ట అంటారు, నా రోజులు కూడి చూడండి" అన్నది. పాస్‌పోర్టులోని ముద్రలన్నీ ముందు పెట్టుకొని, వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ పట్టిక వేసి కూడినాము. ఏడేండ్లకు పైగా తేలినది. నిస్సందేహంగా దరఖాస్తు వేయించినాము. పరిశీలనలో అది నిలువలేదు. ఆ సంవత్సరం ఏప్రిల్, మే నెలలలో ఆమె తల్లి మరణించగా 52 రోజులు మారిషస్‌లో ఉన్నది. చట్టం అడిగిన ఏడేండ్లు ఒకే ముద్ద కాదు. దరఖాస్తుకు ముందరి 12 నెలలు ఎడతెగని నివాసం. దానికి ముందరి 8 ఏండ్లలో మొత్తం 6 ఏండ్లు. ప్రత్యేక పరిస్థితులలో ఆ 12 నెలలలో 30 రోజుల వరకు సడలింపు ఇవ్వవచ్చును. 52 రోజులకు ఇవ్వరాదు. 22 రోజులు ఎక్కువైనవి.

కొత్త పంపును అప్పగించునపుడు 72 గంటల నిర్విరామ పరీక్ష చేయుదుము గదా. యాభయ్యవ గంటలో ఆగిపోయినచో ఆ యాభై గంటలు లెక్కకు రావు. మొదటి నుండి మొదలుపెట్టవలెను. అంతకు ముందు అది వేయి గంటలు నడచినదని చెప్పినా ఎవరూ ఒప్పుకొనరు. ముప్పది ఏండ్లుగా ఇదే పని చేయుచున్న మేము, సంచితపు లెక్కకు, అవిచ్ఛిన్నపు లెక్కకు తేడా ఒక ఆడపిల్ల జీవితం దగ్గర మరచిపోయినాము. 2024 మే నెలాఖరు వరకు ఆగి వేయించి ఉన్నచో మొదటిసారియే నిలిచెడిది. తప్పు తెలిసి, మరల దరఖాస్తు పడునప్పటికి సెప్టెంబరు వచ్చినది. జిల్లా విచారణ, రాష్ట్రం నివేదిక, కేంద్ర హోంశాఖ పరిశీలన, ఆమోదం, మారిషస్ పౌరసత్వం వదులుకొన్న పత్రం, విధేయతా ప్రమాణం, ఇవన్నీ వరుసగా జరిగి 2025 జూన్ మొదటి వారంలో ధ్రువపత్రం చేతికి వచ్చినది. ఆమె ఎదురుచూచుచున్న ఉపాధ్యాయ నియామక ప్రకటనకు గడువు అప్పటికి మూడు వారాల క్రితమే ముగిసినది. మేము పోగొట్టినది నాలుగు నెలలు. క్షమాపణ చెప్పుకొన్నాము. "మళ్ళీ ప్రకటన వస్తుంది లెండి, మామయ్యగారూ" అని టీ తెచ్చి ఇచ్చినది. ఆమె ఆ మాటను తేలికగా అన్నది గాని మాకు తేలికగా లేదు.

పాఠకులు మా వలె పొరపడకుండుటకు నాలుగు ముక్కలు:

1. రాకపోకల తేదీల పట్టికను మొదటి రోజు నుండి వ్రాసి ఉంచండి. పాస్‌పోర్టు మారినపుడు పాతది పారవేయకండి.

2. నియమంలో ఎడతెగని కాలం ఎంత, మొత్తం కాలం ఎంత అన్నది విడివిడిగా చూచి, విడివిడిగా కూడండి.

3. విదేశంలోని పిల్లలు పౌరసత్వం మార్చుకొనదలచినచో, మారిన వెంటనే భారత పాస్‌పోర్టు అప్పగించి, తరువాత ఓసీఐకి దరఖాస్తు చేయవలెను. వ్యవసాయ భూమి ఉన్నవారు దానపత్రం వ్రాయబోవు ముందు నిపుణుని సంప్రదించండి.

4. పార్కు బల్లల మీది సలహాను నియమంతో సరిచూచుకొనండి. ఈ శీర్షికలోని సలహాను కూడ.

చివరగా ఒక మాట. ఆగస్టులో తమ్ముడు అక్కడ ప్రమాణం చేసినాడు. ఆ సంగతి ఫోనులో విని నాన్నగారు చాలసేపు మాటాడలేదు. మరునాడు ఉదయం ఓటర్ల జాబితా నుండి పేరు తొలగించుటకు కావలసిన 7వ ఫారము తెప్పించమన్నారు. "పౌరుడు కానివాడి పేరు జాబితాలో ఉండరాదు" అని తమ్ముని పేరు స్వహస్తంతో వ్రాసినారు. ఉపాధ్యాయుని దస్తూరి గదా, గీత ఎక్కడా వణకలేదు. ఆ సాయంకాలం పొరుగింటి కోడలు వారిని పలకరించుటకు వచ్చినది. నాన్నగారు కళ్ళజోడు సవరించుకొని, "అమ్మాయీ, నీ పేరు ఇంకా జాబితాలో చేర్చుకోలేదు గదా?" అని అడిగి, 6వ ఫారము తీసి, అదే కలంతో నింపసాగినారు.